స్తంభం సినిమా

నా భార్య రమ ఉన్నన్నాళ్ళూ మా అత్త బయ్యమ్మ నాకు చెప్పదలచుకున్నవన్నీ రమకే చెప్పేది. ఆళ్ళగడ్డలో వాళ్ళ ఇంటి వసారాలో నేను కూర్చుని ఉంటాను. ఆమె వంటింటి తలుపు చాటున నిలబడి ఉంటుంది. చెయ్యి చాస్తే అందేంత దూరం. అయినా "రమా, ఆయప్పకు కాళ్ళు కడుక్కోను నీళ్ళియ్యి" అనేది. "రమా, ఆయప్పకు ఇంగొక ముద్ద కావాల్నేమో అడుగు" అనేది. రమ నా వైపు తిరిగి మళ్ళీ చెప్పేదాకా నేను ఏమీ విననట్టే కూర్చోవాలి. అది కోపం కాదు. మా వైపు పాతకాలపు అత్తలు అల్లుడికి పెట్టే మర్యాద అది. ముఖం చూసి మాట్లాడరు, పేరు పలకరు.

"మీ ఇద్దరి మధ్య నేను స్తంభాన్నయిపోతి" అని నవ్వేది రమ.

ఆ మాట ఒక సినిమాలోది. దానికి వేరే పేరుంది గాని మా ఇంట్లో అందరం స్తంభం సినిమా అనేవాళ్ళం. అందులో పెళ్ళి భోజనాల దగ్గర కొత్త అల్లుడు పులిహోరలో ఉప్పు తక్కువైందంటాడు. వండింది అత్త. ఇక ఈ జన్మలో నీతో మాట్లాడనని ఆమె, నేనూ అంతేనని అతను. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండాల్సి వస్తుంది. ఏం చెప్పాలన్నా ఇంటి నడుమ ఉన్న స్తంభానికి చెప్పుకుంటారు. "ఓ స్తంభమా, అల్లుడుగారిని స్నానానికి లెమ్మను." "ఓ స్తంభమా, నీళ్ళు కాగలేదని చెప్పు." సినిమా అంతా అదే. రమ చిన్నప్పుడు వాళ్ళమ్మ పక్కన కూర్చుని చూసిందట. పెళ్ళయ్యాక నాకు చూపించింది. నవ్వు వచ్చే చోటు రాకముందే ఆమె నవ్వేసేది. ముందు వరస వాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు.

తొంభై ఆరు కార్తీకంలో రమ పోయింది. కర్మలు అయిన మరునాడు అత్త మా పాపను చంకనేసుకుని ఆళ్ళగడ్డ బస్సెక్కింది. నేను నంద్యాలలో కేసీ కెనాల్ ఆఫీసులో గుమాస్తాను. పొద్దున పోతే సాయంత్రం వచ్చేవాణ్ణి. ఏడేళ్ళ పిల్లను ఒక్కణ్ణే ఎలా చూసుకుంటానని అందరూ అడిగారు. అందుకే బస్సు కదిలేదాకా ఊరికే నిలబడ్డాను.

ఆ మరుసటి ఎండాకాలం సంగతి ఇది.

కాలువలో నీళ్ళు ఆపేశారు, ఆఫీసులో పని పలచబడింది. ప్రతి ఆదివారం ఆళ్ళగడ్డ వెళ్ళేవాణ్ణి. అత్త ఇంటి పక్కనే శిల్పుల కొట్టాలు. పగలంతా ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. వసారాకు ఆసరాగా నిలబెట్టిన రాతి స్తంభం కూడా అక్కడిదే. ఒక పక్క తామరపువ్వు చెక్కాక బీట కనబడిందని వదిలేస్తే, మా మామ బతికున్న రోజుల్లో అడిగి తెచ్చుకున్నాడట.

రమ లేదు గనక ఇప్పుడు మధ్యలో మాట మోసే పని పాప భ్రమరకు పడింది.

"బ్రమరా, మీ నాయన్ను సంగటి తినమను."

"నాయనా, అవ్వ తినమంటాంది."

"తింటాండానని చెప్పు."

"అవ్వా, తింటాండాడంట."

"ఎండకు వచ్చినాడు, మజ్జిగ ముందు తాగమను."

పాప ముద్ద నోట్లో పెట్టుకుని అటూ ఇటూ చూసింది. "నన్ను తిననియ్యరా ఏంది మీరు?"

ఇద్దరం తలలు దించుకున్నాం.

నేను చెప్పుకోవాల్సింది వేరే ఉంది. జూన్‌లో బళ్ళు తెరిచేనాటికి పాపను నంద్యాల తీసుకుపోవాలి. అది ఏడేళ్ళ పిల్ల నోటితో చెప్పించే మాట కాదు. ఎలా ఎత్తాలా అని చూస్తుండగా పక్కింటి అంకమ్మ గోడ మీదుగా పలకరించింది.

"ఏమప్పా, బాగుండావా? పాపను ఈడనే బళ్ళో ఏస్తారంట కదా. బయ్యమ్మ బడి అయివారితో మాట్లాడొచ్చింది. మంచిదేలే, నీకూ ఇబ్బంది ల్యాకుండా."

తలుపు చాటున గాజుల చప్పుడు ఆగింది. అత్త ఆ మాట అంకమ్మతో అనిపించిందో, అంకమ్మే నోరు జారిందో నాకు ఇప్పటికీ తెలియదు. సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు ఇచ్చిన కండక్టరు నా ముఖం చూసి చిల్లర కూడా అడగలేదు.

మే నెల మొదట్లో ఆళ్ళగడ్డ హాలుకు కొత్త సినిమాలు రాలేదు. సెలవుల్లో హాలు ఖాళీగా ఉంచలేక యజమాని ఒక పాత ప్రింటు తెప్పించాడు. బస్టాండు గోడ మీద పోస్టరు చూసి ఆగిపోయాను. స్తంభం సినిమా. ఎడమ పక్క అత్త, కుడి పక్క అల్లుడు, నడుమ స్తంభం. రంగు వెలిసిపోయి స్తంభమే అందరికంటే స్పష్టంగా కనబడుతోంది.

హాలు ఆపరేటరు ఇమాం సాహెబ్ నన్ను చూసి కేకేశాడు. రమ చిన్నప్పటి నుంచీ తెలిసినవాడు.

"రాజశేఖరప్పా, ఒక సాయం చేస్తావా? ప్రింటు ఒకటే, హాళ్ళు రెండు. నంద్యాలలో పొద్దునాట అయితానే రీళ్ళు బస్సుకేస్తారు, ఈడ మధ్యాహ్నం ఆట మాది. ఇంటర్వెల్ ముందుది ఒక పెట్టె, తర్వాతది ఒక పెట్టె. ఆదివారాలు నువ్వెట్లాగూ వస్తాంటావు కదా, రెండో పెట్టె నీ కాళ్ళకాడ పెట్టుకొనొస్తే నాకు గుండె నిమ్మళంగా ఉంటాది."

"మొదటిది?"

"అది ముందు బస్సు టాపు మీద వస్తాది. దానికి ఆ కండక్టరు పూచీ." పోస్టరు వైపు చూసి అన్నాడు, "పాపను తోలుకరా. వాళ్ళమ్మ ఈ సినిమాకు యాడ కూచునేదో చూపిస్తా."

పాపను అడగాల్సిన పనే లేకపోయింది. ఎగిరి గంతేసింది. కాని అత్త వంటింట్లోంచి అంది. "ఏడాది తిరగలేదు. సినిమా ఏంది? మీ నాయన్ను అడుగు, ఇంట్లో దీపమారితే ఎవురన్నా నవ్వేదానికి పోతారా అని."

పాప నా వైపు తిరిగింది గాని ఆ మాట నాకు చెప్పలేకపోయింది. నేను విన్నట్టే తల ఊపాను.

ఆ తరువాతి ఆదివారం వెళ్ళేసరికి పాప మమ్మల్ని ఇద్దరినీ వదిలేసి స్తంభం ముందు నిలబడింది. నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఓ స్తంభమా. మా అవ్వ సంగటి చల్లారిపోతాందని మా నాయనకు చెప్పు."

గరిటె చప్పుడు ఆగింది. అత్త తలుపు దాటి వసారాలోకి వచ్చింది. "యాడ నేర్చినావే అది?"

"అమ్మ చెప్పింది. పండుకునేటప్పుడు కత చెప్పేది కదా. స్తంభానికి మీసాలున్నాయంట."

"మీసాలా? ఎవురు చెప్పినారే?" అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మసి అంటింది దానికి. దీపం పెట్టి పెట్టి మసి. మీయమ్మ దాన్ని మీసాలనేది. ఎన్నిసార్లు చెప్పినా మీసాలే అనేది."

చాలాసేపు ఆ బీటవారిన స్తంభం వైపే చూసింది. తరువాత పాపతో అంది. "వచ్చే ఆదివారంతో తీసేస్తారంట కదా. మీ నాయన్ను టికెట్లు తీసుకోమను. మీయమ్మ చూసిన సినిమానే కదా. అదేం పండగ కాదులే."

ఆ ఆదివారం నంద్యాలలో రెండో పెట్టె నా కాళ్ళ మధ్య పెట్టుకుని బయలుదేరాను. తగరపు పెట్టె, లోపల రీళ్ళు గుంత వచ్చినప్పుడల్లా గలగలమంటున్నాయి. శిరివెళ్ళ దగ్గర ముందు బస్సు టైరు పగిలి రోడ్డు వారన నిలబడి ఉంది. అందులోని జనమంతా మా బస్సులోకి ఎక్కారు. కోళ్ళగంపలు ఎక్కాయి, పెళ్ళి సామాను ఎక్కింది, ఆ కండక్టరు కూడా టికెట్ల సంచీతో ఎక్కి కూర్చుని నిద్రపోయాడు. టాపు మీద పెట్టె ఉందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నాకూ రాలేదు. ఆ జనంలో నా పెట్టె నలగకుండా చూసుకోవడమే సరిపోయింది.

హాలు గేటు దగ్గర ఇమాం సాహెబ్ నా చేతిలో పెట్టె చూసి, నా వెనక చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. అప్పటికే హాలు నిండిపోయింది. ఆఖరి రోజని ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. గేటు దగ్గర టికెట్లు చింపే ఏసయ్యను మోటారు సైకిల్ మీద శిరివెళ్ళకు తరిమి, తను తెర ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"అప్పల్లారా, అమ్మల్లారా. ముందు సగం శిరివెళ్ళలో బస్సు నెత్తిన కూచోనుంది. వెనక సగం నా కాడ ఉంది. ఎదురుచూస్తారా, వెనకది ముందు చూస్తారా? మీ ఇష్టం."

నేల టికెట్టులోంచి ఒకాయన అన్నాడు. "ఏసేయ్ సాహెబూ. కత మాకు తెల్దా ఏంది? నీకు తెల్వకపోతే చెప్పు, మేం చెప్తాం."

"ముందు బువ్వ తిందాం, పెండ్లిచూపులకు తర్వాత పోదాం" అన్నది ఒక ముసలమ్మ. హాలంతా నవ్వింది. దీపాలు ఆరిపోయాయి.

మేం ముగ్గురం గోడ పక్క కుర్చీల్లో కూర్చున్నాం. అటు చివర అత్త, ఇటు నేను, మధ్య పాప. రమ ఎప్పుడూ కూర్చునే చోటు అదేనని ఇమాం సాహెబ్ చూపించాడు. పైన ఫ్యాను తిరుగుతుంది, అందుకని.

అలా ఆ రోజు మా ఆళ్ళగడ్డలో కథ చివర నుంచి మొదలైంది. తెర మీద ఇంటి నడిమి గది వెడల్పు చేయడానికి కొత్తగా వచ్చిన మేస్త్రీ స్తంభాన్ని పీకేస్తాడు. అత్త వేడి వేడి పులిహోర పళ్ళెంతో వచ్చి చూస్తే అక్కడ స్తంభం లేదు. లాంతరుతో చెప్పబోతుంది. ఆరిపోతుంది. లేగదూడతో చెప్పబోతుంది. అది పళ్ళెంలో మూతి పెడుతుంది. చివరికి ఏమీ దొరక్క అల్లుడి ముఖంలోకి చూస్తుంది. "కూర్చో. పులిహోర తిను." హాల్లో సగం మంది ఆమెతో పాటు అన్నారు. నా పక్కన ఎవరో రెండు క్షణాలు ముందే నవ్వాలి. ఆ నవ్వు కోసం నా చెవి ఎదురుచూసింది. ఖాళీగా ఉండిపోయింది.

అత్త నవ్వలేదు. పాప చేతిలోని బొరుగుల పొట్లం నలుపుతూ కూర్చుంది.

ఇంతలో ఏసయ్య పెట్టె తెచ్చాడు. మొదటి సగం మొదలైంది. పెళ్ళిపందిరి, బాజాలు, ఆ వెనకాల ఇంటి నడుమ మసిబారిన స్తంభం. ఇందాకే కళ్ళముందు పీకి పారేసిన స్తంభం. అది కనబడగానే నేల టికెట్టు లేచి నిలబడి విజిళ్ళు వేసింది. కాగితం ముక్కలు ఎగిరాయి. ఏ సినిమాకూ అలాంటి కేకలు నేను వినలేదు.

"మళ్ళా లేసి నిలబడింది చూడు" అంది అత్త పాపతో. పాప అప్పటికే ఆమె ఒడిలోకి ఒరిగి నిద్రపోతోంది. అత్తకు అది తెలుసు. అయినా అంది. ఆ తరువాత ఆమె భుజాలు కదిలాయి. చీకట్లో నవ్వుతోందో ఏడుస్తోందో, అటు తిరిగి చూడలేదు. కాసేపటికి చిన్నగా గొంతు వినిపించింది. నవ్వే. అదీ పులిహోర మాట రాకముందే, రెండు క్షణాలు ముందుగా. రమ ఎవరి దగ్గర నేర్చిందో నాకు ఆ రోజు తెలిసింది.

ముందు సగం చివర, అత్తకూ అల్లుడికీ మధ్య నలిగిపోయిన కూతురు చేతిసంచీ పట్టుకుని గడప దగ్గర నిలబడుతుంది. పొరుగూళ్ళో చిన్నమ్మను చూసి రావడానికి పోతోంది, అంతే. వెనక్కి తిరిగి ఇద్దరినీ చూసి అంటుంది. "నేను లేకుంటే మీరిద్దరూ ఎట్లా మాట్లాడుకుంటారో ఏమో." వెళ్ళిపోతుంది. ఇద్దరూ స్తంభం వైపు చూస్తారు. తెర మీద పెద్ద అక్షరాలతో 'విశ్రాంతి' అని పడుతుంది.

మామూలుగా అక్కడ అందరం నవ్వుతూ టీకి లేస్తాం. ఆ రోజు మాకు సినిమా అక్కడితో అయిపోయింది. దీపాలు వెలిగాయి. జనం తువ్వాళ్ళు దులుపుకుంటూ బయటికి పోతున్నారు. నేను తెర వైపే చూస్తూ కూర్చున్నాను. అత్త కూడా లేవలేదు.

కొంతసేపటికి ఆమె నా వైపు తిరిగింది.

"కాలు తిమ్మిరెక్కింది" అంది. "పాపను ఎత్తుకో."

ఎత్తుకున్నాను.

బయట ఇంకా వెలుగుంది. కొట్టాల ముందు శిల్పులు రాళ్ళ మీద నీళ్ళు చల్లుతుంటే తడి మట్టి వాసన వస్తోంది. పాప నా భుజం మీద బరువుగా నిద్రపోతోంది. అత్త అలవాటు ప్రకారం వెనకాల నడిచింది, తరువాత నెమ్మదిగా పక్కకు వచ్చింది.

"బళ్ళు ఎప్పుడు తెరుస్తారంట ఆడ?"

"జూన్ రెండో వారం అత్తా."

"జడ ఎవురేస్తారు దానికి?"

"నేర్చుకుంటా."

"నువ్వా? ఆఫీసు కాగితాలకు దారం కట్టినట్ల కడతావు."

నవ్వొచ్చింది. అంతకాలం మోసిన మాట ఆ నవ్వులోనే బయటికి వచ్చింది. "నువ్వూ రా అత్తా. ముగ్గురం ఉందాం."

ఆమె ఆగిపోయింది. "ఏందీ? అల్లుని ఇంట్లో కూచోని తినేదా? ఊర్లో నన్ను మనిషంటారా?"

"నవ్వుతారంటావా?"

"నవ్వరా మరి?"

"ఈ పొద్దు హాలంతా నవ్వింది. ఏమయింది?"

అత్త మళ్ళీ నడక మొదలుపెట్టింది. ఇంటికి వచ్చాక వంటింట్లోకి వెళ్ళిపోయింది. సంగటి నేనే వడ్డించుకున్నాను.

బళ్ళు తెరవడానికి ముందు ఆదివారం పాపను తీసుకురావడానికి వెళ్ళేసరికి వసారాలో పాప బట్టల సంచీ ఉంది, పక్కన ఒక ట్రంకుపెట్టె, ఒక రాగుల మూట. ఇంటి తాళంచెవి అంకమ్మ చేతిలో ఉంది.

"పది దినాలు ఉండొస్తా" అంది అత్త, అంకమ్మకు వినబడేలా. "నా తిండి నేను తీసకపోతాండా. ఎవురి సొమ్మూ తినేది ల్యా."

నంద్యాలలో ఆ మూట పొయ్యి పక్కన పెట్టుకుని, తన సంగటి తన రాగులతోనే చేసుకునేది. ఆషాఢం వచ్చేసరికి మూట అడుగంటింది. ఒక రోజు నేను బజారు నుంచి రాగులు తెచ్చి ఆ సంచీలోనే పోసి మూతి కట్టేశాను. ఆమె చూసింది, మరునాడు ఆ రాగులనే విసిరి సంగటి చేసుకుంది. ఆ తరువాత ఆ సంచీ ఎప్పుడూ ఖాళీ కాలేదు, ఆ పది దినాలూ పూర్తి కాలేదు.

నేరుగా మాట్లాడటం మాత్రం నెల కూడా నిలవలేదు. ఒక రోజు పప్పులో ఉప్పెక్కువైందన్నాను. ఆమె మూతి ముడుచుకుని చుట్టూ చూసింది. మా అద్దె ఇంట్లో స్తంభం లేదు. ఉన్నది రమ బీరువా ఒక్కటే. దాని తలుపుకు నిలువుటద్దం.

"ఓ బీరువా" అంది. "ఉప్పు తక్కువ తినేవాళ్ళు రేపట్నుంచి వాళ్ళే వండుకుంటారేమో అడుగు."

పాప పొట్ట పట్టుకుని నవ్వింది. నేను బీరువాకే జవాబిచ్చాను. ఆనాటి నుంచి మా ఇంట్లో అలకలన్నీ బీరువా ద్వారానే నడిచాయి. దానితో మాట్లాడితే ఒక వెసులుబాటు ఉంది. నా ముఖం ఆమెకు, ఆమె ముఖం నాకు అద్దంలో కనబడుతూనే ఉండేవి.

అత్త రెండు వేల ఏడులో పోయింది. మరుసటి ఏడు ఎండాకాలం సెలవులకు భ్రమర కర్నూలు హాస్టలు నుంచి వచ్చిన ఆదివారం టీవీలో స్తంభం సినిమా వేశారు. ఇద్దరం కూర్చుని చూశాం. పెళ్ళి ముందు వచ్చింది, స్తంభం చివరికి పడిపోయింది.

"వీళ్ళు తప్పు వరసలో ఏస్తాండారు నాయనా" అంది పాప.

నిజమే. నాకూ స్తంభం లేచి నిలబడితేనే సినిమా పూర్తయినట్టు.

అయిపోయాక ఆమె వంటింట్లోంచి పులిహోర పళ్ళెం తెచ్చింది, తనే కలిపింది. నా ముందు పెట్టి బీరువా వైపు తిరిగింది. నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఓ బీరువా. ఉప్పు సరిపోయిందేమో మా నాయన్ను అడుగు."

ఒక ముద్ద తిన్నాను. అద్దంలో మేమిద్దరం ఉన్నాం, మా వెనక రమ, అత్త ఉండాల్సిన చోట గోడ ఉంది.

"సరిపోయిందని చెప్పు" అన్నాను బీరువాతో. "ఇద్దరికీ చెప్పు."